కిను అవ్వ తవుడు జాడీ

జపాన్ దేశంలో, సముద్రానికి దూరంగా కొండల మధ్య ఉన్న ఒక చిన్న పట్టణంలో చిజురు అనే ఇల్లాలు ఉండేది. ఆవిడకు జాలి ఎంత ఎక్కువో, భయం అంతకంటే ఎక్కువ. ఎవరి కష్టం విన్నా కళ్ళు చెమర్చేవి. ఆ కష్టం తన గుమ్మం దాకా వస్తే మాత్రం కాళ్ళు వెనక్కి పడేవి. చెడ్డ మనిషి అనుకునేరు, కాదు. మనలో చాలామంది లాంటి మనిషే.

ఒక ఏడాది ఆ దేశానికి పెద్ద ఆపద వచ్చింది. ముందు భూమి కంపించింది. ఆ వెంటనే సముద్రం లేచి తీరంలోని ఊళ్ళ మీద పడింది. అది చాలదన్నట్టు, ఆ ఒడ్డునే ఉన్న అణువిద్యుత్ కేంద్రం దెబ్బతిని, కంటికి కనిపించని విషం గాలిలో కలిసింది. అల వదిలేసిన ఇళ్ళను కూడా జనం వదిలేసి రావలసి వచ్చింది. అలా వచ్చినవాళ్ళలో కిను అనే ముసలావిడ ఒకరు. చిజురు పక్క వాటా ఖాళీగా ఉంటే ఆవిడను అందులో దింపారు. ఆవిడ భర్త ఆ రోజు పడవల రేవుకి వెళ్ళినవాడు వెళ్ళినట్టే, జాడ తెలియలేదు. ఆవిడ వెంట వచ్చిందల్లా గుడ్డలో మూటకట్టిన ఒక జాడీ.

అందులో ఏముందనుకుంటున్నారు? తవుడు. నవ్వకండి. మనం గేదెలకు పెట్టే తవుడులోనే వాళ్ళు ఉప్పూ నీళ్ళూ కలిపి పులియబెట్టి, ముల్లంగీ కీరదోసా పాతిపెట్టి ఊరగాయ చేస్తారు. తవుడు పాతబడేకొద్దీ రుచి పెరుగుతుంది. అందుకే అత్త దాన్ని కోడలి చేతికి అప్పగిస్తుంది. కిను అవ్వ జాడీ వాళ్ళ అత్తగారి అత్తగారి నాటిది. దానికి ఒకటే నియమం. రోజూ ఒట్టి చేత్తో అడుగు నుంచి పైకి కలపాలి. మనిషి చెయ్యి తగలకపోతే తవుడు పాడైపోతుంది. ఇల్లు వదలమన్నప్పుడు అవ్వ బట్టలైనా సర్దుకోకుండా, ఆ జాడీని ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది.

చిజురు మొదటి రోజే దుప్పట్లు, బియ్యం పట్టుకెళ్ళింది. గుమ్మం బయటే నిలబడి కళ్ళు తుడుచుకుంది. ఊరికే పుచ్చుకోవడం అవ్వకు అలవాటు లేదు. మర్నాడు ఒక గిన్నెలో ముల్లంగి ముక్కలు తెచ్చింది.

"మా ఇంటి రుచి అమ్మాయ్. ఇది తప్ప ఇవ్వడానికి నా దగ్గర ఇంకేం మిగల్లేదు" అంది.

చిజురు రెండు చేతులా అందుకుని, వంగి దండం పెట్టింది. ఇంట్లోకి వెళ్ళాక, మొగుడు ఒక ముక్క నోట్లో వేసుకోబోతే "ముట్టుకోకండి, అక్కణ్ణించి వచ్చింది" అని లాక్కుని చెత్తబుట్టలో పడేసింది. గిన్నె తోమింది, మళ్ళీ తోమింది. వచ్చినవాళ్ళనీ వాళ్ళ సామాన్లనీ యంత్రం పెట్టి చూసి, ఏ దోషమూ లేదని చెప్పే పంపారు. ఆ మాట చిజురు చెవులు విన్నాయి గానీ, మనసు వినలేదు.

గిన్నె తిరిగి ఇస్తూ "ఎంత బాగున్నాయో అవ్వా, మా ఆయన వదిలిపెట్టలేదు" అంది. అబద్ధం ఆడితే ఆడింది, అంత రుచిగా ఆడటం ఎందుకు? అవ్వ ముఖం విప్పారింది. ఆ రోజు నుంచి గిన్నె వస్తూనే ఉంది, చెత్తబుట్టలోకి పోతూనే ఉంది.

వానలు మొదలైన రోజుల్లో అవ్వకు కబురొచ్చింది. తీరంలో ఒక మనిషి శరీరం దొరికింది, మీ ఆయనేమో వచ్చి చూసుకోమని. అవ్వ జాడీ పట్టుకుని చిజురు గుమ్మంలోకి వచ్చింది.

"అక్కడ పనులన్నీ అయ్యేసరికి వారం పడుతుందేమో. దీన్ని నీకు తప్ప ఎవరికి ఇవ్వను, తల్లీ? రోజుకోసారి చెయ్యి పెట్టి కలుపు, చాలు. ఆయన ఎలాగూ లేడు. నేనొక ఇంటి కోడల్నని చెప్పడానికి ఇదొక్కటే ఉంది."

అన్నాళ్ళు మెచ్చుకున్న నోటితో కాదని ఎలా అంటుంది? చిజురు తీసుకుంది. మొదటి రోజు రబ్బరు తొడుగులు వేసుకుని, ముఖం పక్కకు తిప్పుకుని, గరిటెతో పైపైన గీకింది. రెండో రోజు అదీ లేదు. మూత బిగించి, తాడు కట్టి, పెరటి వసారాలో పెట్టేసింది. "గట్టిగా మూస్తే ఏమవుతుందిలే" అని తనకు తనే చెప్పుకుంది. అవ్వ తిరిగొచ్చేదాకా అటు తొంగిచూడలేదు.

అవ్వ తెల్లగుడ్డ చుట్టిన అస్థికల పెట్టెతో తిరిగి వచ్చింది. దాన్ని గదిలో పెట్టి నమస్కరించి, నేరుగా చిజురు దగ్గరికి వచ్చి జాడీ అడిగింది. తాడు విప్పి మూత తీసేసరికి గుప్పున కంపు కొట్టింది. పైనంతా నల్లగా, పచ్చగా బూజు. అవ్వ వసారాలో కూలబడిపోయింది.

"చెయ్యి పెట్టలేదు కదూ?"

చిజురు తల దించుకుని అంది. "పెట్టలేదవ్వా. భయమేసింది. మీరిచ్చిన ముక్కలు కూడా మేం తినలేదు. అన్నీ పారేశాను."

అవ్వ జాడీ మూత ఒళ్ళోకి తీసుకుని అంది. "భయమేస్తోందని ఒక్క మాట చెప్పి ఉంటే, దీన్ని నా వెంట మోసుకుపోయేదాన్ని. నీ భయానికి నేను కోప్పడేదాన్ని కాదు, నాకూ భయమే. కానీ ఇంతమంది మా మీద జాలి పడుతున్నారు, మా పక్కన కూర్చునేవాళ్ళు ఒక్కరూ లేరు. నీ భయాన్ని నువ్వు కూడా దాచావు చూడు, దానికి ఏడుపొస్తోంది."

అని నిజంగానే ఏడ్చింది. భర్త పోయినందుకు, ఊరు పోయినందుకు, జాడీ పోయినందుకు, అన్నింటికీ కలిపి ఏడ్చింది. చిజురుకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ తను కార్చిన కన్నీళ్ళకు విలువెంతో అప్పుడు తెలిసింది.

ఏడ్చి ఏడ్చి అవ్వ ముక్కు చీదుకుని లేచింది. చూడండి, అదీ ఆ మనిషి. రేకు గరిటె అడిగి తీసుకుని పైనున్న బూజంతా చెక్కి పారేసింది. లోపల తవ్వి వాసన చూసింది. అడుగున ఉన్నది కూడా కుళ్ళింది. నడుమన మాత్రం పిడికెడు పుల్లటి వాసనతో మిగిలింది.

"ఇది బతికే ఉంది. కొత్త తవుడు, ఉప్పు పోసి రోజూ కలిపితే తేరుకోవచ్చు. తేరుకోకపోనూ వచ్చు. నాకిప్పుడు చేతుల్లో సత్తువ లేదమ్మాయ్, రేపు చూద్దాం" అంది.

"రేపటిదాకా ఉంటుందా అవ్వా?"

అవ్వ ఏమో అన్నట్టు చేతులు తిప్పింది.

చిజురు లోపలికి వెళ్ళి జాడీ కడగడానికి వేడినీళ్ళు తెచ్చింది, తన ఇంటి తవుడూ ఉప్పూ తెచ్చింది. ఉంగరం తీసి పక్కన పెట్టింది. ఆ పిడికెడూ వేరే తీసి ఉంచి, కుళ్ళింది పారేసి జాడీ కడిగి, కొత్త తవుడూ ఉప్పూ నీళ్ళూ దాంతో పాటు అందులో వేసింది. భయం పోయిందా అంటే పోలేదు. అయినా చొక్కా చేతులు పైకి మడిచి, మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి పైకి కలిపింది. ఎలా కలపాలో అవ్వ పక్కన కూర్చుని చెబుతూ ఉంది.

మర్నాడూ కలిపింది, ఆ మర్నాడూ కలిపింది. కొన్నాళ్ళు తవుడు ఏ వాసనా లేకుండా మూగగా ఉండిపోయింది. వానలు వెనకపట్టాక ఒక ఉదయం మూత తీస్తే, జాడీ లోంచి కమ్మటి పుల్లటి వాసన వచ్చింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందులో ఒక కీరదోసకాయ పాతిపెట్టారు. అది ఊరాక అవ్వ తీసి కడిగి తరిగింది. కానీ చిజురుకు ఇవ్వలేదు, గిన్నె తన ముందే పెట్టుకుని కూర్చుంది.

చిజురు చెయ్యి చాపి, ఒక ముక్క తీసుకుని కరకరా నమిలి మింగింది.

"ఉప్పెక్కువైంది అవ్వా" అంది.

ఆ పట్టణానికి వచ్చాక కిను అవ్వ నవ్వడం ఎవరూ చూడలేదు. ఆ రోజు నవ్వింది. "ఉప్పు పోసింది నువ్వే కదే" అంటూ ఇంకో ముక్క తీసి చిజురు చేతిలో పెట్టింది.

నీతి: ఆపదలో సర్వం పోగొట్టుకున్నవాళ్ళు తమంతట తామే లేచి నిలబడగలరు, వాళ్ళకు మనం దూరం నుంచి చూపే జాలి కన్నా, భయమేసినా దాచకుండా చెప్పి, పక్కన కూర్చుని చెయ్యి కలపడమే అసలైన సానుభూతి.