నోళ్లు తెరిచిన చేపపిల్లలు

కొర్రవాగు అడవిలో ఎలుగులు, కోతులు, కుందేళ్లు, అడవిపందులు ఉండేవి. వాగు ఒడ్డున నీటికుక్కలు, కొంగలు, బుడుబుంగ పిట్టలు ఉండేవి. వరసగా రెండేళ్లు వానలు ముఖం చాటేశాయి. వాగులో చాలా చోట్ల ఇసుక తేలింది, అందులో చేప అన్నది కంటికి కనబడకుండా పోయింది. చేపల మీద బతికే జీవాలు ఒక్కొక్కటే అడవి విడిచి వెళ్లిపోయాయి.

వెళ్లకుండా ఉండిపోయినవాళ్లలో తుంగయ్య అనే నీటికుక్క ఒకడు. వాగు ఎండకముందే అతను గుప్పెడు చేపగుడ్లు ఏరి తెచ్చుకున్నాడు. తన గుంటలో వాటిని కంటికి రెప్పలా చూసుకుని అయిదు వందల పైచిలుకు చేపపిల్లలను చేశాడు. అవి పెద్దవై గుడ్లు పెడితేనే ఆ అడవిలో మళ్లీ చేప ఉంటుంది. లేకపోతే లేదు.

చేపల పెంపకంలో తుంగయ్యను మించినవాడు లేడు. తవుడు కొలిచి వేసేవాడు. పిల్లను పట్టుకోవాలంటే ముందు చేతులు తడుపుకునేవాడు, పొడిచేయి తగిలితే దాని ఒంటి జిగురు ఊడిపోతుందని. గుంటలో ఇరుకు కానిచ్చేవాడు కాదు. తన పనితనం ఎంతటిదో అందరికన్నా అతనికే బాగా తెలుసు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఎండాకాలం దగ్గరపడింది. తుంగయ్య గుంట అడుగంటుతోంది. అడవిలో ఎన్నడూ ఎండని మడుగు ఒక్కటే ఉంది, అది ఏనుగు పెద్దయ్యది. ఏటా జరిగే పంటల ప్రదర్శనలో ఎవరి అంగడి బాగుంటే వాళ్లకు ఆయన ఆ మడుగును ఏడాదిపాటు ఇచ్చేవాడు. ఈసారి అది తనకే రావాలని తుంగయ్య పట్టుబట్టి కూర్చున్నాడు.

పక్క గుంటలో ఉండే బుడుబుంగ పేరు బుడుంగమ్మ. తుంగయ్య దగ్గరే పన్నెండు పిల్లలను అడిగి తీసుకుని, జమ్ము గడ్డి నీడన పెంచుకుంటోంది. ప్రదర్శనకు ఓ యాభై పిల్లలను తీసుకెళ్తే చాలని, మిగిలినవాటిని గుంటలోనే ఉంచమని ఆమె చెప్పి చూసింది. యాభై పిల్లలు పెద్దయ్య కంటికి ఆనతాయా అని తుంగయ్య నవ్వేశాడు. అయిదు వందలనూ మోసుకెళ్లి రాతి తొట్టిలో పోశాడు. "ఎవరైనా తాకి చూడొచ్చు, తిండి వేయొచ్చు" అని ముందు పలక పెట్టాడు.

పొద్దున అంతా పద్ధతిగానే జరిగింది. వచ్చినవాళ్లందరి చేతా తుంగయ్య చేతులు తడిపించాడు. చేపకు ఎంత తిండి వేయాలో, నీళ్లు ఎప్పుడు మార్చాలో విడమరిచి చెప్పాడు. వినీ వినీ కుందేలు పిల్లలకు విసుగొచ్చింది. ఎదురుగా ఎలుగుబంటి తేనె రుచి చూపిస్తుంటే అటు పరుగెత్తాయి. వాటి వెనకే కోతులూ వెళ్లాయి.

ఖాళీ అంగడిని చూస్తే తుంగయ్యకు ప్రాణం చివుక్కుమంది. చేతులు తడుపుకోనక్కర్లేదు, రండి రండి అని కేకేశాడు. వచ్చినవాళ్లకల్లా దోసెడు తవుడు పెట్టాడు. దుమ్ము చేతులు తొట్టిలో దిగాయి. తవుడు పడి నీళ్లు గంజిలా చిక్కబడ్డాయి.

మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. ఆకు కదలడం లేదు. అప్పుడు చేపపిల్లలు ఒక్కొక్కటే పైకి తేలి, నీటి అంచున నోళ్లు తెరిచి మూయడం మొదలుపెట్టాయి. ఒక తల్లి కోతి తన పిల్లలకు చూపించి, "చూడండ్రా, మనకు దండం పెడుతున్నాయి" అంది. ఆ మాట ప్రదర్శనంతా పాకింది. ఎలుగుబంటి కూడా తన తేనె వదిలేసి చూడటానికి వచ్చింది.

నీళ్లలో ఊపిరి చాలనప్పుడే చేప పైకొచ్చి అలా నోరు తెరుస్తుందని తుంగయ్యకు తెలుసు. ఆ గుంపులో ఆ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే.

రెండోది బుడుంగమ్మ. గుంపును తోసుకుని వచ్చి అతని చెవిలో చెప్పింది. "అన్నా, అవి ఆయాసపడుతున్నాయి. ఇప్పుడే నా గుంటకు చేరుద్దాం, పద."

"పెద్దయ్య వచ్చేస్తున్నాడమ్మా. ఆయన చూసి వెళ్లగానే చేరుద్దాం" అన్నాడు తుంగయ్య.

ఆమె ఊరుకోలేదు. ఆకు దొప్ప తీసుకుని తానే తొట్టి మీదికి వంగింది. తుంగయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. అవి ఊపిరాడక అల్లాడుతున్నాయని ఆమె గుంపుకు చెప్పబోతే అతను గొంతు పెంచాడు.

"అవును, దండమే పెడుతున్నాయి. నేనే నేర్పాను" అన్నాడు.

చప్పట్లు మోగాయి. తొట్టి పక్కనే నిలబడ్డ అతని కూతురు చినుకు అందరికన్నా గట్టిగా కొట్టింది. ఆ చప్పుడులో బుడుంగమ్మ మాట ఎవరికీ వినబడలేదు.

పెద్దయ్యది నిదానం. సొరకాయలు తట్టి చూశాడు, దుంపలు వాసన చూశాడు, తేనె రెండుసార్లు నాకాడు. తుంగయ్య తొట్టిని చూస్తాడు, పెద్దయ్య వచ్చే దారిని చూస్తాడు. చివరికి పెద్దయ్య వచ్చాడు. అయిదు వందల నోళ్లు ఒక్కసారే తెరుచుకుంటుంటే చూసి ముచ్చటపడ్డాడు. మడుగు తుంగయ్యదేనని అక్కడికక్కడే ప్రకటించాడు.

గుంపు చెదిరేసరికి తొట్టిలో కదలిక ఆగిపోయింది. ఒకటి తెల్లటి పొట్ట పైకి తిప్పింది, దాని పక్కన ఇంకొకటి. బుడుంగమ్మా తుంగయ్యా దొప్పలతో ముంచుకుని ఆమె గుంటకు పరుగెత్తారు. ఎన్నిసార్లు పరుగెత్తినా ఒక్క పిల్లా ఈదలేదు. పొద్దు వాలకముందే అన్నీ పోయాయి.

మర్నాడు పెద్దయ్య మడుగు అప్పగించాడు. నిండా నీళ్లు, చల్లగా, అడుగు కనబడనంత లోతు. అందులో వదలడానికి తుంగయ్య దగ్గర ఏమీ లేదు. మడుగును బుడుంగమ్మకు ఇచ్చేశాడు. ఆమె తన పన్నెండు పిల్లలను తెచ్చి అందులో వదిలింది. అవే పెరిగి, గుడ్లు పెట్టి, వానలు తిరిగొచ్చాక కొన్నేళ్లకు వాగంతా నిండాయి. ఆ చేపల మీద ఆమె పిల్లలూ, పిల్లల పిల్లలూ హాయిగా బతికారు.

కానీ తుంగయ్య ఇంటికి అన్నేళ్లు ఆగే వీలు లేదు. ఎండలు ముదరకముందే పెళ్లాం పిల్లలతో అడవి దాటాడు. దారిలో చినుకు అతని చెయ్యి పట్టుకుని అడిగింది.

"నాన్నా, చచ్చిపోతున్నప్పుడు కూడా దండం పెట్టాలని వాటికి ఎందుకు నేర్పావు?"



నీతి: మెప్పు కోసం తెలిసిన నిజాన్ని దాచిపెట్టినవాడికి మెప్పు దక్కవచ్చు గానీ, కాపాడుకోవలసింది దక్కదు.