పంటిగాటు పడ్డ బంగారు కాసు

మీ తాతల తాతలు కూడా పుట్టకముందు మణిభద్రుడని ఒక రాజు ఉండేవాడర్రా. ఆయనకి ముందు ఒక కూతురు, తర్వాత ముగ్గురు కొడుకులు. కూతురు చంపకవల్లి. కొడుకులు విజయాంకుడు, చిత్రరథుడు, సుకేతుడు. సుకేతుడు పాలు తాగే వయసులోనే రాణి కన్నుమూసింది. అప్పటినించి తమ్ముళ్లకి తలంటినా, అన్నం కలిపి పెట్టినా, జ్వరమొస్తే పక్కన కూర్చున్నా అంతా అక్కే.

ఏడు సముద్రాల అవతల వక్రనాసుడనే మాయావి ఉండేవాడు. వాడికి నాణేల పిచ్చి. అందమైన మనిషి కనబడితే చాలు, ఆ ముఖం అచ్చుపడిన బంగారు కాసుగా మార్చేసి, పట్టుగుడ్డలో చుట్టి పెట్టెలో దాచుకునేవాడు. ఒకనాడు చంపకవల్లి మేడమీద జుట్టు ఆరబెట్టుకుంటుంటే వాడి కంట పడింది. ఇంకేముంది! మేడమీద తడి తువ్వాలు మిగిలింది, అక్క లేదు.

రాజు మంచం పట్టాడు. ఇది వక్రనాసుడి పనేనని తెలిసి పెద్దవాడు విజయాంకుడు ఓడెక్కి ఏడు సముద్రాలూ దాటి వెళ్లి, "మా అక్కని ఇచ్చెయ్," అన్నాడు.

"అంతకంటే గొప్ప నాణెం తెచ్చావా? తెస్తే మార్చుకుందాం," అన్నాడు మాయావి.

విజయాంకుడు నాయనమ్మ కాసులపేరు తీసి ముందు పెట్టాడు. మాయావి ఒక కాసుని వెలుతురుకి ఎత్తి చూసి ముఖం చిట్లించాడు.

"దారం గుచ్చడానికి ప్రతిదానికీ బెజ్జం పెట్టారు కదయ్యా! ఇవి మెడలోకి పనికొస్తాయి గానీ నా పెట్టెలోకి పనికిరావు. పో, పో!"

విజయాంకుడు తల వేలాడేసుకుని తిరిగొచ్చాడు.

రెండోవాడు చిత్రరథుడు కాస్త ఆలోచనపరుడు. ముత్తాతల నాటి రాగి నాణెం, లోకంలో అలాంటిది ఇంకోటి లేదు, అది పట్టుకుని బయల్దేరాడు. తీరా ఓడ దిగబోతూ చూస్తే అది నల్లగా, అక్కడక్కడ పచ్చగా ఉంది. ఇలా ఇస్తే ఏం మర్యాదగా ఉంటుందని, వంటవాణ్ణి చింతపండు అడిగి, ఇంట్లో రాగిచెంబు తోమినట్టు తళతళా తోమేశాడు పాపం.

మాయావి నెత్తి బాదుకున్నాడు. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది! వందల ఏళ్లు కష్టపడి తెచ్చుకున్న వన్నెని ఒక్క పూటలో కడిగేశావు కదరా! తోమకుండా తెచ్చుంటే ఇప్పుడే మీ అక్కని ఇచ్చేవాణ్ణి."

చిత్రరథుడు ఓడలో దారి పొడుగునా ఏడుస్తూ వచ్చాడు. నవ్వకండర్రా, మంచి చేద్దామనే చేశాడు.

ఇక మిగిలింది సుకేతుడు. వాడి దగ్గర ఏ నాణెమూ లేదు. ఒడ్డున వలలో చిక్కుకుని ఒక తాబేలు గిలగిల్లాడుతుంటే వల కోసి విడిపించాడు. "ఎక్కడికి నాయనా?" అంది తాబేలు. "మా అక్క దగ్గరికి," అన్నాడు. "నా వీపెక్కు," అంది తాబేలు. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు.

వెళ్లేసరికి మాయావి కొత్త ముఖాల కోసం ఊళ్లమీదకి పోయాడు. కోటలో పెట్టె ఉంది, పెట్టె పక్కన పంజరంలో చిలక ఉంది. సుకేతుడు తన మూటలో ఉన్న జామకాయ తీసి చిలకకి ఇచ్చాడు.

చిలక తింటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఇన్నేళ్లలో నాకింత పెట్టినవాళ్లు లేరు. వాడి ప్రాణం నా గొంతులో ఉంది బాబూ. నులిమితే చస్తాడు."

"నిన్నెందుకు నులుముతాను? నువ్వేం చేశావని?"

చిలక పంజరం అంచుకి జరిగింది. తర్వాత మెల్లిగా చెప్పింది. "నులిమినా లాభం లేదులే. వాడు పోతే కాసులు కాసులుగానే మిగిలిపోతాయి. వాడంతట వాడు కిటికీలోంచి సముద్రంలోకి విసిరేస్తేనే మళ్లీ మనుషులవుతారు. వాడు విసిరేసేది ఒక్కటే, దెబ్బతిన్న కాసు. సాయంత్రం వాడు రాగానే ఒక్కొక్క కాసూ చూసి బాగుందో లేదో చెప్పడం నా పని."

సుకేతుడు పెట్టె తెరిచి అక్క కాసు తీశాడు. అదే నుదురు, అదే నవ్వు. ఆ ముఖానికి దెబ్బ తగిలించాలా? కాసుని చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏరా చిన్నోడా, కొరుకు," అంది అక్క సన్నగా.

"నా వల్ల కాదక్కా. నీకు నొప్పెడుతుంది."

"ముద్దలు పెడుతుంటే నా వేళ్లు కొరికేవాడివి కాదూ? అప్పుడు లేని జాలి ఇప్పుడెక్కణ్ణించి వచ్చిందిరా? కొరుకు!"

సుకేతుడు ఏడుస్తూ, ముఖానికి తగలకుండా, భుజం ఉన్న అంచున గట్టిగా కొరికాడు. బంగారం మీద పంటిగాటు పడింది. "మిగతావి నాకు వదిలెయ్," అని చిలక పంజరం తలుపు తీయించుకుని బయటికొచ్చి, తక్కిన కాసులన్నిటి అంచుల్నీ టకటకా పొడిచి మళ్లీ లోపలికెళ్లింది. సుకేతుడు పంజరం తలుపు తీసే ఉంచి, తలుపు చాటున నక్కాడు.

మాయావి వచ్చాడు. పెట్టె తెరిచాడు.

"ఇది చూడు, అంచు నొక్కుపోయింది," అంది చిలక.

"అయ్యో నా బంగారం!" అని వాడు గుండెలు బాదుకుంటూ కాసుని కిటికీలోంచి విసిరాడు. "ఇదీ నొక్కుపోయింది," అంది చిలక. అదీ విసిరాడు. "ఇదీ పోయింది." అదీ పోయింది. విసిరిన కాసల్లా నీళ్లలో పడి మనిషయింది. తాబేలు తన చుట్టాలందర్నీ పిలుచుకొచ్చి ఒక్కొక్కర్నీ వీపుమీద ఎక్కించుకుంది. పెట్టె ఖాళీ అయ్యాక చిలక రివ్వున ఎగిరి వచ్చి సుకేతుడి భుజమ్మీద వాలింది; ఇద్దరూ తాబేలు వీపెక్కి సముద్రంలోకి సాగిపోయారు. ప్రాణం అంత దూరం పోయేసరికి మాయావికి ఒక్క మంత్రమూ గుర్తు రాలేదు. కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

రాజు మంచం మీంచి లేచాడు. కాసుగా మారినవాళ్లలో సుధన్వుడనే రాకుమారుడు ఉన్నాడు. చంపకవల్లికి అతనితో పెళ్లి కుదిరింది. వాళ్లలోనే ఉన్న ఒక రాకుమారి సుకేతుణ్ణి తప్ప ఇంకెవర్నీ చేసుకోనంది. రెండు పెళ్లిళ్లూ ఒకే పందిట్లో చేశారు. అందరూ చాలా ఏళ్లు చల్లగా ఏలుకున్నారు.

పెళ్లినాడు అక్క నగలు పెట్టుకుంటుంటే భుజం మీద గాటు కనబడింది. సుకేతుడు తల దించుకున్నాడు.

"బాగా నొప్పెట్టిందా అక్కా?"

"పెట్టిందిరా. ఆ పెట్టెలో ఆకలి లేదు, నిద్ర లేదు, ఏడుపు కూడా రాలేదు. నువ్వు కొరికినప్పుడు నొప్పెట్టింది చూడు, అప్పుడే అనుకున్నాను, నేనింకా బతికే ఉన్నానని."

ఇంతేనర్రా కథ. ఇక పడుకోండి.