ఎడమవైపు పెట్టె

దస్తగిరికి వచ్చిన చిక్కల్లా ఒక్కటే. గురువుగారి ఇంటికి వెళ్ళవలసి వచ్చింది.

లేకపోతే ఆ మూడు జిల్లాల్లో దస్తగిరి చెవికి ఎదురు చెప్పగల మనిషి అప్పటికి పుట్టలేదు. దోమ వచ్చి పాడితే, అది ఏ శ్రుతిలో పాడుతోందో, నిన్న పాడిన దోమేనా లేక ఊరికి కొత్తదా, పడుకున్న చోటి నుంచి లేవకుండా చెప్పేవాడు. చీరాల స్టేషన్లో టీ తాగుతూ, బాపట్లలో బయల్దేరిన రైలుకి ఎన్నో పెట్టె చక్రం అరిగిందో చెప్తే, డ్రైవరు దిగి చూసుకుని, ఇంజనుకి పెట్టాల్సిన దణ్ణం ఇతనికి పెట్టి వెళ్ళాడు. ఇందులో సగం తీసేసినా ఫరవాలేదు. మనిషిని పాడుచెయ్యడానికి మిగిలిన సగం చాలు.

ఆ చెవి మీదే అతను బతుకుతున్నాడు. పాటలు వినడానికి ఖరీదైన స్పీకర్లు తెప్పించుకునే ఆసాములు ముందు దస్తగిరికి కారు పంపిస్తారు. అతను వెళ్ళి, కొబ్బరికాయని పరీక్ష చేసినట్టు పెట్టెని వేలి కణుపుతో కొట్టి చూస్తాడు. గోడకి జానెడు ఇవతలకి జరిపిస్తాడు. ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆపించి, కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. తల ఊపితే ఆ పెట్టెలు ఆ ఇంట్లో ఉంటాయి. ఊపకపోతే వచ్చిన దారినే పోతాయి.

ఈసారి పిలిచినాయన గ్రానైటు రామకోటయ్య. ఆయన తెప్పించినవి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు. పేరుకి తగ్గట్టు పుస్తకాల అరలో పట్టేంత చిన్న పెట్టెలు. ధర వింటే మాత్రం ఆ అరతో పాటు దాని చుట్టూ ఉన్న ఇల్లు కూడా రావాలి కదా అనిపిస్తుంది. కొన్నాళ్ళు విని చూసుకుని, నచ్చితేనే ఉంచుకునే ఏర్పాటు.

"చూడు దస్తగిరీ," అన్నాడు రామకోటయ్య. "నీ చెవి గొప్పదని అందరూ అంటారు. అనేవాళ్ళకి చెవులున్నాయా అని నా అనుమానం. నీకు సన్నాయి నేర్పిన ఖాసిం సాహెబు గారు వేటపాలెంలోనే ఉన్నారుగా. ఆయన ముందు పెట్టి వినిపించు. నీ మాట సరైందేనని ఆయన ఒక్క ముక్క అంటే ఇవి ఉంచుకుంటా. అంతే కాదు, ఒంగోల్లో ఇలాంటివాటికి షాపు తెరిచి నిన్ను గల్లాపెట్టె దగ్గర కూచోబెడతా."

దస్తగిరి సరేనన్నాడు, అనక తప్పక.

గురువుగారి గడప తొక్కి చాలా ఏళ్ళయింది. సన్నాయి బీరువా మీద గుడ్డసంచిలో ఉంది. ఆ సంచి ఏ రంగుదో కూడా అతనికిప్పుడు సరిగా గుర్తులేదు. ఊరుకాని ఊర్లో గురువుగారు కనిపిస్తారేమోనని, కళ్యాణమండపాల ముందు నుంచి పోవలసి వస్తే తలొంచుకుని పోయేవాడు. అంత చేసినా గురువుగారు ఒకరితో ఒక మాట చెప్పి పంపలేదు. తిట్టనూ లేదు. తిట్టి ఉంటే ఎప్పుడో వెళ్ళి కాళ్ళమీద పడేవాడు.

ఇంకో సంగతి కూడా ఉంది. అన్నేళ్ళ చదువులో గురువుగారు అతన్ని "నీ చెవి మంచిదిరా" అని ఒక్కసారి కూడా అనలేదు. ఊరంతా అన్నది, ఆయన అనలేదు. షాపు వచ్చినా రాకపోయినా ఆ మాట వస్తే చాలునని దస్తగిరి మనసులో ఉంది.

మధ్యాహ్నం వెళ్ళారు. గురువుగారుండేది నేతగాళ్ళ సందు. భోజనాలవేళ మగ్గాలన్నీ ఆగుతాయి, సందు నిశ్శబ్దంగా ఉంటుంది. కారు సందులో పట్టక, పెట్టెలు చేతులతో మోసుకొచ్చారు.

ఖాసిం సాహెబు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మనిషి చిక్కిపోయాడు. గడ్డం తెల్లబడింది. పెట్టెల వంక చూశాడు. తర్వాత దస్తగిరి మూతి వంక చూశాడు.

"పెదాలు మెత్తబడ్డాయిరా," అన్నాడు.

రోజూ సన్నాయి పీక పట్టేవాడి పెదవి మీద కాయ కాస్తుంది. దస్తగిరికి అది ఎప్పుడో పోయింది. ఏం చెయ్యాలో తోచక పెదవి లోపలికి మడుచుకున్నాడు.

"పని ఒత్తిడి గురువుగారూ."

"ఏం పని?"

"వినడం."

"మంచి పని," అన్నాడు గురువు. "లోపలికి రండి."

ఆయన కోపంగా అనలేదు. అందుకే దస్తగిరికి ఆ మాట అరికాలి నుంచి మాడుదాకా పాకింది. దాన్ని దులుపుకోవడానికి పని మీద పడ్డాడు. పెట్టెలు బల్లల మీద ఎక్కించాడు, తీగలు కలిపాడు, కుడిదాన్ని గోరంత తిప్పాడు, ఎడమదాన్ని వెంట్రుకంత తిప్పాడు. రామకోటయ్యకి కుర్చీ వేయించాడు. గురువుగారు చాప మీదే కూర్చున్నాడు.

పెట్టెల మధ్య నిలబడేసరికి దస్తగిరికి మళ్ళీ ఊపిరి వచ్చింది. సభ దొరికితే అతను వేరే మనిషి.

"రామకోటయ్యగారూ, పెట్టె విలువ తెలియాలంటే అందులో వచ్చే పాట ఎక్కడ పుట్టిందో తెలిసుండాలి. ఆ చోటుని ఆ పెట్టె మళ్ళీ కట్టి చూపించాలి. గురువుగారు వాయిస్తుంటే రేడియో ఆయన ఒకాయన వచ్చి, రెండు మైకులు పెట్టి రికార్డు చేశాడు. తోడి రాగం. వెనకాల శ్రుతి పట్టింది నేనే. ఆ రికార్డింగు జరిగింది ఎక్కడనుకున్నారు? ఈ గదిలో. ఈ గోడల మధ్య. ఇన్నాళ్ళూ నేను ఎవరింటి స్పీకరు చూసినా దీంతోనే చూశాను. ఇవాళ పుట్టింటికే తీసుకొచ్చాను."

ఫోనులో నొక్కాడు.

సన్నాయి లేచింది. ఎలా లేచిందని చెప్పను. పక్కింట్లో అన్నం తింటున్న నేతగాడికి చేతిలో ముద్ద చేతిలోనే చల్లారింది. సందు చివర పోట్లాడుకుంటున్న రెండు కుక్కలు, మనం తర్వాత చూసుకుందామన్నట్టు విడిపోయి కూర్చున్నాయి. రామకోటయ్య కుర్చీ చేతులు పట్టుకుని ముందుకి వంగాడు. ఖాసిం సాహెబు తన వెనకటి ఊపిరిని తనే వింటూ కదలకుండా కూర్చున్నాడు.

రాగం పైకి వెళ్ళింది. పై షడ్జం మీద నిలబడి, ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

దస్తగిరి చెయ్యెత్తాడు. "ఇక్కడ." పాట ఆపేశాడు. "విన్నారా?"

"ఏమిటి?" అన్నాడు రామకోటయ్య.

"దగ్గు."

మళ్ళీ వెనక్కి జరిపి వినిపించాడు. సన్నాయి ఆగిన ఆ రవ్వంత ఖాళీలో, ఎడమవైపు నుంచి, చిన్న దగ్గు.

"మామూలు పెట్టెల్లో ఇది ఉండనే ఉండదు. కాస్త మంచివాటిలో గోరుతో గీసినట్టు ఉంటుంది. నిలువెత్తు స్పీకర్లు పెట్టుకున్న ఒక ఆసామి ఇంట్లో ఈ దగ్గు వినపడలేదని కాఫీ కూడా తాగకుండా లేచొచ్చేశాను. వీటిలో చూడండి. ఎడమపక్క. ఈ గదిలో కాదు, గోడ అవతల. మనిషి నేలమీద కూర్చుని ఉన్నారు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గారు. దగ్గు ఒకటి కాదు, రెండు. రెండోది వస్తుంటే మింగేశారు. మింగేసిన దగ్గుని వినిపించే పెట్టె లోకంలో ఎక్కడుందండీ? ఏ పాటా అక్కర్లేదు, ఈ ఒక్క దగ్గు చాలు మీరు పెట్టే డబ్బుకి."

రామకోటయ్య తొడ మీద చరుచుకున్నాడు. "సాహెబు గారూ, మీవాడు మనిషి కాదండీ."

గురువు ఎడమ పెట్టె వైపు తల తిప్పాడు. "ఇంకోసారి పెట్టు," అన్నాడు.

దస్తగిరి పెట్టాడు. గురువుగారు కళ్ళు మూసుకున్నాడు.

"ఇంకోసారి."

దస్తగిరి రొమ్ము గాలికి తెరచాపలా పొంగింది. సన్నాయి మీద తప్ప దేనిమీదా నిలవని గురువుగారి మనసు తను చూపించినచోట నిలబడింది. ఇక ఆ మాట రావడమే ఆలస్యం.

గురువు కళ్ళు తెరిచాడు. "గుడ్డ అడ్డం పెట్టుకున్న సంగతి కూడా తెలిసిందా నీకు?"

"తెలిసింది గురువుగారూ. నూలుది. ఉతికి ఉతికి మెత్తబడ్డది."

"ఎందుకు పెట్టుకున్నట్టు?"

అంత చెవి ఉన్నవాడికి అదొక ప్రశ్నా? దస్తగిరి ఆలోచించను కూడా లేదు. "రికార్డింగు చెడిపోకూడదని," అన్నాడు.

అన్నాక, ఆ మాట తనకే వినిపించింది.

ఎడమవైపు వంటిల్లు. గుమ్మానికి ఇప్పుడు తెర లేదు. పొయ్యి ముందు నేల అలాగే ఉంది, అక్కడ కూర్చునే మనిషి లేదు. గురువుగారి భార్య మౌలాబీ. దస్తగిరి ఆమెని అమ్మా అనే పిలిచేవాడు. ఊపిరితిత్తుల జబ్బు ఆ రికార్డింగు తర్వాత వచ్చిన వానాకాలం దాటనివ్వలేదు.

ఆ రోజు రేడియో ఆయన వెళ్ళిపోయాక ఆమె కంచాలు పెట్టింది. దస్తగిరికి బాగా ఆకలిగా ఉండి కూర మారు అడిగాడు. ఆమె వడ్డించి, గబగబా పెరట్లోకి వెళ్ళింది. పెరట్లో దగ్గు చాలాసేపు వినిపించింది. గురువుగారు రేడియో ఆయన్ని సాగనంపడానికి వెళ్ళాడు, ఇంట్లో ఉన్నది తనొక్కడే. దోమ శ్రుతి చెప్పగల చెవికి పెరట్లో దగ్గు వినపడకపోవడమేమిటి. విన్నాడు. కూర బాగుందనుకుంటూ తిన్నాడు.

ఆ తర్వాత ఆ దగ్గుని ఎన్ని హాళ్ళలో, ఎన్ని తివాచీల మీద, ఎంతమంది ఎదుట వినిపించాడో. వేలెత్తి చూపించాడు. జనం తలలూపి భలే అన్నారు. అన్నిసార్లు విన్నాడు. కూర్చున్న ఎత్తు చెప్పాడు, గుడ్డ నేత చెప్పాడు. ఎవరిదని ఎవరూ అడగలేదు, తనని తను కూడా అడగలేదు.

గురువుగారు మోకాలి మీద చెయ్యి ఆనించి లేచాడు. నెమ్మదిగా వంటింట్లోకి వెళ్ళాడు. కుండ మీద మూత తీసిన చప్పుడు, నీళ్ళు ముంచిన చప్పుడు వినిపించాయి.

గ్లాసు నిండుగా ఉంది. తొణక్కుండా రెండు చేతులతో పట్టుకుని తీసుకొచ్చి, ఎడమవైపు పెట్టె ముందు గొంతుక్కూర్చుని, నేలమీద పెట్టాడు. పెట్టాక, చెయ్యి చాపితే అందేట్టు ఇంకాస్త ముందుకి జరిపాడు.

తిరిగొచ్చి చాప మీద కూర్చున్నాడు.

రామకోటయ్య గ్లాసు వంక చూశాడు, గురువు వంక చూశాడు, ఇది వీళ్ళ ఆచారమేమో అనుకున్నాడు. దస్తగిరి వంక చూస్తే అతను తల ఎత్తడం లేదు. భుజం మీది తువ్వాలు నోటికి అదిమి పట్టుకుని ఉన్నాడు. వీపు కదులుతోంది, చప్పుడు మాత్రం రావడం లేదు.

రామకోటయ్య గొంతు తగ్గించి అడిగాడు. "మరి సాహెబు గారూ, ఈ పెట్టెల సంగతి ఏమంటారు?"

"పెట్టెల్లో లోపమేమీ లేదు బాబూ," అన్నాడు ఖాసిం సాహెబు. "ఉంచుకోండి."