మురికి మాత్రమే

వైమండ్‌కు వచ్చిన చిక్కల్లా ఒక్కటే. పని అంతా వచ్చింది, శిష్యరికం మాత్రం తీరడం లేదు.

రంగుటద్దాల కిటికీలు చేసే ఆస్బెర్న్ దగ్గర పదిహేడో ఏట చేరాడు. గాజు కోయడం, దాని మీద ముఖాలు గీయడం, బట్టీలో కాల్చడం, ముక్కలను సీసపు పట్టీలతో అతకడం, అన్నీ తొమ్మిదేళ్ళలో వంటబట్టాయి. వంటబట్టాయని అతనికీ తెలుసు. కాస్త ఎక్కువే తెలుసు.

ఆ పనివాళ్ళలో ఒక ఆచారం ఉంది. అతికిన అద్దాల పలకలను కిటికీలో నిలబెట్టి, అడ్డంగా ఉన్న ఇనప కడ్డీలకు సీసపు తీగలతో కడతారు. ఆఖరి తీగ ఎవరు మెలిపెడితే ఆ కిటికీ వాళ్ళది. పేరు ఎక్కడా రాసుకోరు, అదే సంతకం. గురువు ఆ తీగను శిష్యుడి చేతికిస్తే శిష్యరికం తీరినట్టే. ఈ తొమ్మిదేళ్ళలో ప్రతి కిటికీకీ ఆ తీగ ఆస్బెర్నే మెలిపెట్టాడు.

"గురువుగారూ, ఆఖరి కట్టు నా చేతికి ఎప్పుడిస్తారు?" అని ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

ఆస్బెర్న్ కళ్ళకు పొర కమ్మి రెండేళ్ళయింది. చేతిలో ఉన్న గాజు ముక్కను వెనక వైపు బొటనవేలితో నిమురుతూ కూర్చున్నాడు. ఏ గాజు చేతికిచ్చినా ముందు దాని వీపు నిమిరేవాడు. పిల్లిని నిమిరినట్టు ఇదేం అలవాటో అని వైమండ్ లోలోపల నవ్వుకునేవాడు.

"విథర్న్‌బీ చర్చిలో దక్షిణపు కిటికీ ఉంది," అన్నాడు ముసలాయన. "నలభై ఏళ్ళ కిందట మా ఇంట్లో చేసిందే. సీసం వదులైపోయిందట. దించి, మురికి తీసి, కొత్త సీసం వేసి నిలబెట్టు. అన్నమ్మ పండుగ లోపల కావాలి. అక్కడి ఫాదర్ థర్‌స్టన్ బాగుందంటే ఆ కట్టు నీదే."

వైమండ్ అప్పటికప్పుడు సంచి సర్దుకున్నాడు. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి మళ్ళీ మాట వినబడింది.

"మురికి మాత్రమే."

తొమ్మిదేళ్ళు చేసినవాడికి ఇది కూడా చెప్పాలా అని వైమండ్‌కు ఒళ్ళు మండింది.

విథర్న్‌బీ చర్చి పెద్దదేం కాదు. ఒక్కో తరం వాళ్ళు తమకు చేతనైనంత కట్టుకుంటూ పోయారు. ఉత్తరం వైపు స్తంభాలు పొట్టిగా లావుగా ఉంటాయి, వాటి మీద కమానులు గుండ్రం. దక్షిణం వైపుకు వచ్చేసరికి స్తంభాలు సన్నబడి కమానులు మొనదేలాయి. ఆ రెంటికీ పొత్తు లేదు గానీ పైన ఓక్ దూలాల కప్పు ఒకటే కాబట్టి సర్దుకుపోతున్నాయి. గుమ్మం ముందరి వసారా మీద ఒక చిన్న గది ఉంది, అందులో వైమండ్‌కు బస ఇచ్చారు.

దక్షిణపు కిటికీకి మూడు అరలు. ఎడమ దాంట్లో తెల్ల లిల్లీలు. నడిమి దాంట్లో మరియమ్మ తల్లి పునీత అన్నమ్మ, ఒళ్ళో పుస్తకం. కుడి దాంట్లో చిన్నారి మరియమ్మ, అక్షరాల మీద వేలు పెట్టి చదువుకుంటోంది. నలభై ఏళ్ళ మసి, నాచు, పిట్టల రెట్టల వెనక నుంచి ఇద్దరూ లీలగా కనిపిస్తున్నారు.

వైమండ్ మంచె కట్టి పలకలు దించాడు. ముందు అన్నమ్మను పట్టుకున్నాడు. లోపలి వైపు కొవ్వొత్తుల మసి, నీళ్ళకే పోయింది. బయటి వైపు నాచు గీరితే వచ్చింది. దాని కింద మాత్రం గోధుమరంగు మరక ఒకటి మొండికేసింది. బుగ్గ పక్కన, గడ్డం కింద, ముసుగు మడతల్లో కరుచుకుని ఉంది. వైమండ్ తక్కువవాడా? తడి ఇసకలో బూడిద కలిపి రెండు రోజులు తోమాడు. మూడో రోజుకు గాజు తళతళలాడింది.

ఫాదర్ థర్‌స్టన్ వచ్చి చూసి చేతులు జోడించాడు. "కొత్తదాన్ని తెచ్చి పెట్టావా ఏంటి అబ్బాయ్? ఇంత వెలుగు ఈ గుళ్ళో నేనెప్పుడూ చూడలేదు. మీ గురువుకు మంచిమాటే చెబుతాను."

మర్నాడు మధ్యాహ్నం, సీసం విప్పే ముందు ఒకసారి చూసుకుందామని వైమండ్ ఆ పలకను దాని అరలో నిలబెట్టాడు. పక్క అరలో ఇంకా కడగని మరియమ్మను ఆనించాడు. లోపలికి వెళ్ళి, జ్ఞానస్నానపు తొట్టి దగ్గర నిలబడి తలెత్తాడు.

అన్నమ్మ ముఖం ఎండలో పెట్టిన పళ్ళెంలా వెలిగిపోతోంది. కళ్ళు, ముక్కు, పెదవులు, గీసిన గీతలన్నీ ఉన్నాయి. బుగ్గ లేదు. గడ్డం మెడలో కలిసిపోయింది. పక్కనే అంత మురికిలో ఉన్న మరియమ్మ బుగ్గ మాత్రం గిల్లాలనిపించేంత గుండ్రంగా ఉంది.

ఎండ ఎక్కువైందనుకున్నాడు. మబ్బు పట్టేదాకా ఆగాడు. మబ్బు పట్టింది. బుగ్గ రాలేదు.

పలక దించి, ముఖం చుట్టూ ఉన్న పాత సీసం విప్పాడు. ఇన్నాళ్ళూ సీసం కప్పి ఉంచిన అంచున, వడ్లగింజంత వెడల్పున, ఆ గోధుమరంగు అలాగే ఉంది. వానకూ గాలికీ అందని చోట మురికి ఎక్కడిది? కిందికి వంగి చూశాడు. రంగులో సన్నటి వంపు గీతలు, ఒకదాని పక్కన ఒకటి. ఎవరిదో బొటనవేలి ముద్ర, చిన్న వేలు. గాజును కాల్చకముందు ఎవరో వెనక నుంచి వేలితో నీడ అద్దారు.

తొమ్మిదేళ్ళలో ఆస్బెర్న్ ఇంట్లో గాజు వెనక ఎవరూ రంగు పెట్టడం అతను చూడలేదు. చూడనిది కాబట్టి మురికి అయిపోయింది.

మంచె మీద చాలాసేపు కూలబడి ఉన్నాడు. ఫాదర్‌కు నచ్చింది. గురువుకు కళ్ళు కనిపించవు. కొత్త సీసం వేస్తే ఆ అంచు కూడా కప్పబడిపోతుంది. పండుగ పన్నెండు రోజుల్లో ఉంది, కట్టు చేతికొస్తుంది. ఎవరికీ తెలియదు, తనకు తప్ప. ఆ 'తప్ప' దగ్గరే ఆగిపోయాడు.

పొద్దున్నే గాజు ముఖాన్ని గడ్డిలో చుట్టుకుని పట్నంలోని గురువు ఇంటి దారి పట్టాడు.

ఆస్బెర్న్ ముఖం అందుకుని, తిప్పి, వీపు నిమిరాడు. బొటనవేలు ఎక్కడా ఆగకుండా బుగ్గ మీద నుంచి జారిపోయింది.

"మురికనుకున్నాను," అన్నాడు వైమండ్.

ముసలాయన వేలు అంచు దాకా వెళ్ళి అక్కడ ఆగింది.

"హవీస్," అన్నాడు.

హవీస్ ఆయన భార్య. వైమండ్ రాకముందే పోయింది.

"ముందు గీతలు నావి, వెనక నీడ ఆమెది. కుంచె ఇస్తే విసుక్కునేది, వేలితోనే అద్దేది. ఆమె పోయాక వెనక వైపు నేనెవరినీ ముట్టుకోనివ్వలేదు."

"ఒక్క మాట చెప్పి ఉంటే..." అంటూ వైమండ్ ఆగిపోయాడు.

"చెప్పాల్సింది. నోరు రాలేదు."

వైమండ్‌కు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. కాసేపయ్యాక కళ్ళు తుడుచుకుని, "ఆ అంచు కోసిస్తాను గురువుగారూ, మీ దగ్గరుంచుకోండి. ముఖం నేను కొత్తగా చేస్తాను," అన్నాడు.

"అంచు కోసేస్తే సీసం దేన్ని పట్టుకుంటుంది?" అన్నాడు ఆస్బెర్న్.

లేచి తడుముకుంటూ వెళ్ళి, ఇనప చిట్టెం, గాజుపొడి నూరి, జిగురూ కొంచెం ద్రాక్షసారాయమూ కలిపి రంగు తయారుచేశాడు. ముఖాన్ని బోర్లా పెట్టి వైమండ్ ముందుకు జరిపాడు. వైమండ్ కుంచె తీశాడు. ముసలాయన ఆ కుంచెను చేతిలోంచి తీసుకుని తన ఒడిలో పెట్టుకున్నాడు.

వైమండ్ బొటనవేలు రంగులో ముంచాడు. బుగ్గ పక్కన, గడ్డం కింద, ముసుగు మడతల్లో అద్దుకుంటూ వచ్చి, ఆ చిన్న ముద్రకు వెంట్రుకవాసి దూరంలో ఆగాడు.

పాత గాజును మళ్ళీ కాలిస్తే పగలొచ్చు. బట్టీ వెలిగించి, అది చల్లారేదాకా ఒకరోజంతా ఇద్దరూ దాని ముందే కూర్చున్నారు. గాజు పగల్లేదు.

మిగతా పలకలను వైమండ్ ఉత్త నీళ్ళతో, మెత్తటి గుడ్డతో కడిగాడు. పండుగ ముందు రోజుకు మూడు అరలూ నిలబడ్డాయి, ఒక్క తీగ తప్ప అన్నీ కట్టాడు. ఆస్బెర్న్ బండి మీద వచ్చి లోపల బల్ల మీద కూర్చున్నాడు. వైమండ్ బయట మంచె మీద సందుల్లో సున్నం పూస్తుంటే ఫాదర్ థర్‌స్టన్ పైకెక్కి వచ్చాడు.

"అంత శుభ్రం చేసి మళ్ళీ ఈ మరకలేంటి?" అంటూ అంగీ చేతిని ఉమ్మితో తడిపి అన్నమ్మ బుగ్గ మీదికి చెయ్యి చాపాడు.

వైమండ్ ఆ మణికట్టు పట్టుకున్నాడు. ఊరి ఫాదర్ చెయ్యి అలా ఎవరూ పట్టుకోరు. తన కట్టు ఆయన నోటి మాట మీదే ఉందని అతనికి గుర్తుంది. అయినా వదల్లేదు.

"మురికి మాత్రమే తుడవాలి ఫాదర్," అన్నాడు. "లోపలికి వెళ్ళి చూడండి."

ఫాదర్ ముఖం ముడుచుకుని మంచె దిగి వెళ్ళాడు. ఎంతసేపటికీ బయటికి రాలేదు. వైమండ్ మంచె దిగి లోపలికి వెళ్ళాడు. ఆయన తొట్టి పక్కన తలెత్తి నిలబడి ఉన్నాడు.

"రేపు పూజ వేళకు ఆ మంచె తీసెయ్యి," అన్నాడు చివరికి, కిటికీ మీంచి చూపు తిప్పకుండా. "ఆ తల్లి ముఖానికి అడ్డమొస్తోంది."

ఆయన వెళ్ళాక వైమండ్ గురువును చెయ్యి పట్టి కిటికీ దగ్గరికి తీసుకొచ్చాడు. అలవాటుగా ఆఖరి తీగ కొసను ఆయన వేళ్ళకు అందించాడు. ఆస్బెర్న్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"కట్టు," అన్నాడు.

వైమండ్ తీగను మళ్ళీ ఆయన వైపే చాపాడు.

"ఇది నా కిటికీ కాదు గురువుగారూ."

"అందుకే," అన్నాడు ఆస్బెర్న్. "కట్టు."