రోజూ అలికిన పొయ్యి

కోదండయ్యగారి ఆశ్రమంలో ప్రశ్న అడగడమంటే కొరివితో తల గోక్కోవడమే. జవాబు రాదు, పని తగులుతుంది. మాయ అంటే ఏమిటని అడిగిన ఒక శిష్యుణ్ణి ఆయన వారం రోజులు బావిలో పూడిక తీయడానికి దించారు. ఆ భయంతోనే పరాంకుశం ఇన్నేళ్లూ నోరు మెదపలేదు. ఆ ఉదయం మాత్రం జపం ముగించి, నేరుగా వచ్చి గురువుగారి ముందు చతికిలబడ్డాడు.

"అయ్యవారూ, పందొమ్మిదేళ్లుగా ఒక్కరోజు తప్పకుండా జపం చేస్తున్నాను. మొదట్లో లోపల కాస్త వెచ్చగా ఉండేది. ఇప్పుడు అదీ లేదు. ఎందుకిలా అయింది? అలిసిపోయాను. సెలవిస్తే వెళ్లిపోతాను."

ఆ మాట అంటుంటే అతనికి కనీసం ఏడుపైనా రాలేదు. ఏడవడానికీ ఓపిక కావాలి కదా!

కోదండయ్యగారు తమలపాకుకు సున్నం రాసుకుంటూ, "అలాగే వెళ్దువుగాని. ఊళ్లో నాంచారమ్మ, పొయ్యి మండడం లేదని మూడు రోజులుగా కబురు పెడుతోంది. అదేమిటో చూసొచ్చి చెప్పి, మరీ వెళ్లు" అన్నారు.

పోయే ముందు కూడా వదలడీయన, అనుకున్నాడు పరాంకుశం. అయినా లేచాడు. ఆశ్రమంలో నలభై మందికి వండే చెయ్యి అతనిది. పొయ్యిల సంగతి ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

నాంచారమ్మకు అరవై దాటాయి. వంటింటి గడపలో కూర్చుని దగ్గుతోంది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఇల్లంతా పొగ. పొయ్యి మీద ఎసరు పెట్టి గంటయినా నీళ్లు గోరువెచ్చన కాలేదు. లోపలి గదిలో జ్వరంతో పడుకున్న ఆమె ముసలి భర్త గంజి కోసం రెండుసార్లు పిలిచి ఊరుకున్నాడు.

"పడగొట్టెయ్ నాయనా" అందామె. "మా అత్తగారు తన చేత్తో వేసిన పొయ్యి అని ఇన్నాళ్లూ ఓర్చుకున్నాను. ఊది ఊది నా ఊపిరే పోయేలా ఉంది. ఇక నావల్ల కాదు."

పరాంకుశం కట్టె విరిచి చూశాడు. ఫెళ్లున విరిగింది, తడి లేదు. బూడిద చూశాడు. పొద్దున్నే ఎత్తేసి ఉంది. పైన పొగగూడు చూశాడు. మసి దులిపి ఉంది. పొయ్యి ఎర్రమట్టితో నున్నగా అలికి, ముగ్గు పెట్టి, పెళ్లిపీటలా ఉంది. దేనికీ వంక పెట్టడానికి లేదు. అతనికి విసుగొచ్చింది.

"రోజూ అలుకుతావా అమ్మా?"

"అదేం మాట! కాపురానికొచ్చి నలభై రెండేళ్లు. ఒక్క పూట అలక్కుండా నిప్పు రాజేసిందాన్ని కాను. జ్వరమొచ్చినా పాక్కుంటూ వచ్చి అలికాను" అందామె గర్వంగా, దగ్గుతూనే.

పరాంకుశం ఎసరు దించి, నిప్పు లాగేసి, చల్లారాక పొయ్యి నోట్లో చెయ్యి పెట్టబోయాడు. మణికట్టు దగ్గర ఆగిపోయింది. గిన్నె ఆనే మూడు దిమ్మల మధ్య వేలు పెట్టి చూస్తే, పొగ బయటికి పోయే సందులన్నీ పూడిపోయి ఉన్నాయి. అతను చిన్న పలుగు అందుకున్నాడు. నాంచారమ్మ అడ్డం వచ్చింది.

"పడగొట్టమంటే పడగొట్టు గానీ, కళ్లెదుట అలా గీరకు నాయనా, చూడలేను."

గీరుతుంటే ఉల్లిపొరల్లా మట్టి పెచ్చులు ఊడి వచ్చాయి. పైపొర ఎర్రగా, దాని కింద నల్లగా, మళ్లీ ఎర్రగా. రెండు తట్టలు నిండాయి. అన్నిటికీ అడుగున అసలు పొయ్యి బయటపడింది. వెడల్పాటి నోరు. దాని అంచు మీద వేళ్లతో నొక్కిన గుర్తులు నాలుగు, ఆరినవి ఆరినట్టే ఉన్నాయి.

నాంచారమ్మ ఆ గుర్తుల మీద తన వేళ్లు ఆనించి చూసుకుంది. "అత్తమ్మవి" అంది. తట్టల్లోని పెచ్చుల వైపు తిరిగి, "అయితే దీన్ని పూడ్చింది నేనేనా?" అంది.

పరాంకుశం నాలుగు పుల్లలు పేర్చి నిప్పు ముట్టించాడు. ఊదనవసరం లేకుండానే మంట భగ్గున లేచింది. ఎసరు మరిగింది, గంజి కాగింది. నాంచారమ్మ గిన్నె పట్టుకుని లోపలికి పోతూ పోతూ వెనక్కి తిరిగింది.

"ఇక అలకవద్దంటావా? అలక్కపోతే బీటలిస్తుందే!"

"అలుకమ్మా. నాలుగు రోజులకోసారి గీరి, ఆ తర్వాత అలుకు."

ఈ మాట తన నోటి నుంచి వచ్చాక అతను చాలాసేపు ఆ మంట ముందు నుంచి లేవలేదు. తట్టల్లోని మట్టి తీసుకెళ్లి దొడ్లో పారబోశాడు. ఆశ్రమానికి నడిచి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. జరిగిందంతా గురువుగారికి చెప్పాడు. చెప్పడం అయ్యాక చేతులకంటిన మట్టి చూసుకుంటూ నిలబడ్డాడు.

"వెళ్లడం రెండు రోజులు ఆపుకో" అన్నారు కోదండయ్యగారు. "రేపు జపం చెయ్యకు."

పరాంకుశం బెదిరిపోయాడు. పొద్దున ఆశ్రమం వదిలి పోతానన్నప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు. "అయ్యో! ఇన్నేళ్ల వరుస తెగిపోతుంది కదండీ!"

"తెగనీ" అన్నారాయన. "కాస్త గాలాడనీ."