కాకర తీగకు రాజాజ్ఞ

"తీగా తీగా తడుముకుంటూ
ఎవరి చెయ్యి వెతుకుతావే..."

తర్వాతి చరణంలో ఎండ మాట ఏదో ఉండేది, జారిపోయింది. కాకరపాదుకు నీళ్లు పోస్తూ మా పెద్దమ్మ ఇది పాడేది. ఒకనాడు పాట ఆపి కథ చెప్పింది.

ఒకానొక రాజ్యంలో, ఎక్కడో ఆమె చెప్పలేదు, రణధీరవర్మ అనే రాజు ఉండేవాడట. ఆయన కూర్చున్నచోట ఎవరూ కదలకూడదు. ముక్కు దురద పెట్టినా సరే. కొలువు కొలువంతా బొమ్మల్లా నిలబడేది.

ఒకనాడు తోటలో నడుస్తుంటే రాజు కాలికి తగిలి అత్తిపత్తి ఆకులు ముడుచుకున్నాయి. రాజు ఆగి ఇంకో రెమ్మ తాకాడు. అదీ ముడుచుకుంది, చప్పుడు లేకుండా, ఎవరో కళ్లు మూసుకున్నట్టు.

"నా ఎదుట కదలడం వీటికి ఎవడు నేర్పాడు?"

తోటమాలి చెంగయ్య చేతులు జోడించాడు. "ఎవరూ నేర్పలేదు మహాప్రభో. దాని గుణమే అంత."

"అబద్ధం. వీడి చేతులు నరికించండి."

కొలువులో బొప్పన అనే చమత్కారి ఉన్నాడు. అతను ముందుకొచ్చి అన్నాడు: "ప్రభూ, చిన్న మనవి. చెంగయ్యను చెరలో ఉంచండి. తమరు కాకర పందిరి పక్కన కూర్చుని, కదలవద్దని తీగను ఆజ్ఞాపించండి. మాలి లేనప్పుడు అది కదలకపోతే, నేర్పింది వాడే. వాడితోపాటు నా చేతులూ తీయించండి. కదిలిందా, వాడి తప్పు లేదు."

"ఈ రాత్రి అన్నం బాగా కలుపుకు తిను బొప్పనా" అన్నాడు రాజు. "రేపటికి చేతులుండవు."

మర్నాడు పొద్దున్నే రాజు పీట వేయించుకుని కూర్చున్నాడు. "కదిలావంటే వేళ్లతో సహా పెరికిస్తాను" అన్నాడు తీగతో. తను మెదిలితే ఆకు ఊగుతుందని ఊపిరి కూడా సన్నగా తీశాడు. గాలి లేదు. పిట్ట అరవలేదు. ఎంత చూసినా తీగ కదలలేదు. కానీ ఒక్కసారి చూపు తిప్పుకుని మళ్లీ చూస్తే, ఇందాక ఉన్నచోట లేదు.

మధ్యాహ్నానికి వెంట్రుకంత నులితీగ ఒకటి రాజు చిటికెనవేలికి తగిలింది. గుడ్డివాడు మొహం తడిమినట్టు తడిమింది. మెల్లగా ఒక చుట్టు చుట్టుకుంది. తర్వాత ఇంకో చుట్టు. రాజు వేలు వెనక్కి తీసుకోలేదు, నుదుట చెమట మాత్రం కారింది.

పొద్దువాలే వేళకు బొప్పన వచ్చాడు. "లేవండి ప్రభూ."

"లేవలేను." రాజు గొంతు చాలా చిన్నదైపోయింది. "ఇది నన్ను పట్టుకుంది."

"కదలవద్దని తమరు ఆజ్ఞాపించలేదా?"

"ఆజ్ఞాపించాను."

"చిత్రంగా ఉందే. అయితే తోట మొత్తంలో తమ ఆజ్ఞ పాటించింది తమరొక్కరే అన్నమాట."

రాజు భుజాలు అదిరాయి. ఏడుస్తున్నాడనుకున్నారు చుట్టూ ఉన్న భటులు. కాదు, నవ్వుతున్నాడు. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, "చెంగయ్యను విడిపించి తీసుకురండి. తెగకుండా దీన్ని విప్పగలిగేది వాడే" అన్నాడు. తన భుజం మీది శాలువా తీసి బొప్పనకు కప్పాడు. ఆనాటి నుంచి కొలువులో ఎవరైనా దగ్గవచ్చు, గోక్కోవచ్చు. రాజు మాత్రం బతికినంతకాలం, మాటల మధ్యలో ఆగి, ఆ వేలిని చూసుకునేవాడట.

కథ అయ్యాక పెద్దమ్మ చెంబు తీసుకుని లోపలికి నడిచింది. నేను పాదు దగ్గరే చతికిలబడి తీగనే చూస్తున్నాను. ఆమె గడపలో ఆగి ఒక మాట అంది. ఆ సాయంత్రం జ్వరం తగిలి మరి మాట్లాడలేదు గనక, నాకు మిగిలిన ఆఖరి మాట అదే.

"కాస్త మెదులుతూ ఉండవే తల్లీ. ఊరికే కూర్చుంటే పందిరనుకుంటుంది."