పళ్లూడిన పిల్లలకు గట్టి ఉండలు

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యానికో రాజు, రాజుకంటే ఎక్కువ తెలిసిన ముగ్గురు పెద్దమనుషులు.

బడిపిల్లలు బక్కచిక్కారని రాజుకు దిగులు పట్టుకుంది. "సాయంత్రం బలమైన చిరుతిండి పెట్టండి" అన్నాడు. ఆ పని చిలకమ్మ అనే పేదరాలికి దొరికింది. తనూ ముసలి తల్లీ ఇక ఆ పొయ్యి మీదే బతకాలి.

చిలకమ్మ రాగిపిండి వేయించి, బెల్లం కలిపి, నోట్లో కరిగేలా ఉండలు చుట్టింది.

వైద్యుడు వచ్చి, "మెంతిపిండి కలుపు, ఒంటికి మంచిది" అన్నాడు. కలిపింది. పంతులు వచ్చి, "బెల్లం తగ్గించు, తీపి తింటే చదువు అబ్బదు" అన్నాడు. తగ్గించింది. మంత్రి వచ్చి, "చితికితే పళ్లెంలో అందంగా ఉండవు, గట్టిగా చుట్టు" అన్నాడు. చుట్టింది.

ముగ్గురిలో ఒక్కరూ నోట వేసుకుని చూడలేదు.

పిల్లలు ఆ ఉండలతో గోళీలాడారు. సంగతి రాజుదాకా వెళ్లింది. "ఆమెకు వంట రాదు ప్రభూ, మాన్పించండి" అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో.

రాజు బడికి వచ్చాడు. చిలకమ్మ ఎదురొచ్చి దణ్ణం పెట్టింది.

"మాన్పించండి దొరా. కాని ముందు పిల్లల్ని ఒక్క మాట అడగండి."

"పిల్లలకేం తెలుసు?" మంత్రి నవ్వాడు.

"తినేది వాళ్లే కదయ్యా!"

ఒక బుడతడు నోరు తెరిచి చూపాడు. ముందుపళ్లు రెండూ లేవు. "కొరకలేను తాతా!"

ఇంకొకడు మొహం చిట్లించాడు. "చేదు! మా అమ్మ జ్వరమొస్తేనే ఇంత చేదు పెడుతుంది."

మూడోది బంగారి అనే ఆడపిల్ల. చేతిలో చీపురు ఇంకా అలాగే ఉంది. "నాకు రుచి తెలీదండీ. మగపిల్లలు తినేవేళ మమ్మల్ని బడి ఊడవమంటారు పంతులుగారు. మా వంతు వచ్చేసరికి మా ఉండలూ గోళీలైపోతాయి. వాటిని ఊడ్చేదీ మేమే!"

చిలకమ్మ మనసు చివుక్కుమంది. ఇన్నాళ్లూ తను పళ్లెం ఖాళీ అయిందా అనే చూసింది గాని, ఎవరు తిన్నారో చూడలేదు.

రాజు ఒక ఉండ తీసి మంత్రికిచ్చాడు. "నమలండి." టక్కున చప్పుడైంది. మంత్రి దవడ పట్టుకున్నాడు.

రాజు మాట మీద మర్నాటినుంచి చిలకమ్మ తన పద్ధతిలోనే చుట్టింది. చీపురు వంతు మగపిల్లలకూ వచ్చింది. మొదటి ఉండ బంగారి చేతిలో పెట్టి, "ఎలా ఉందే?" అంది చిలకమ్మ.

"ఇంకొకటి పెట్టత్తా, చెప్తాను."

ఎవరి ఆకలి తీర్చాలనుకుంటామో ముందు వారినే అడగాలి. అడిగేటప్పుడు, చీపురు పట్టుకుని వెనక నిలబడ్డ పిల్లను మరిచిపోకూడదు.